నాలుగంకెల గుట్టు

"కార్డు ఇయ్యి."

"ఇయ్యను."

"నూకాలూ, అది నాది."

"నీదైతే నీ దగ్గరే ఉండేది. నా దగ్గరెందుకుంటుంది?"

పెద్దింటయ్య గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. నూకాలమ్మ వంటింటి గడపలో గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోందని చప్పుడును బట్టి అతనికి తెలుస్తోంది. వారం రోజులుగా ఆ ఇంట్లో మాటలకంటే గిన్నెల చప్పుడే ఎక్కువ.

"ఇవాళ బ్యాంకు వాళ్ళు రమ్మన్నారు. కార్డు పట్టుకుని రమ్మన్నారు. లేకపోతే ఎలాగ?"

"నేనే పట్టుకొస్తాను. నన్ను కూడా రమ్మన్నారుగా. నా చేత్తోనే వాళ్ళ మొహాన కొడతాను."

"కొట్టు. ముందు ఎక్కడ పెట్టావో చెప్పు."

"బియ్యం డబ్బాలో చూసుకో."

అతను లేచి వెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. కాసేపు కెలికాడు.

"లేదు."

"లేదని నాకూ తెలుసు. ఊరికే చెప్పాను. వారం నుంచి నన్ను ఊళ్ళో అందరూ ఏడిపిస్తున్నారు. నిన్ను నేనొక్కదాన్నయినా ఏడిపించాలి కదా."

పెద్దింటయ్య చేతికంటిన తవుడు దులుపుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నవ్వు వచ్చింది. నవ్వితే గిన్నె ఎగిరొస్తుందని ఆపుకున్నాడు.

"నీకు కార్డుందని నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా? కూరగాయల మంగతాయారు చెప్పింది. వంకాయలు తూస్తా నీ నంబరు రాగం తీసి పాడింది. 'లాభం, నాలుగూ, తొమ్మిదీ, రెండూ. మా అన్నయ్యదేనంట కదా వదినా' అంది. నేను తక్కెడ వంక చూస్తా నిలబడ్డాను. ఏ అన్నయ్య, ఏం నంబరు, ఏమీ తెలీదు నాకు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు."

ఆ పాట పెద్దింటయ్య నోటిదే.

ముప్పయ్యేళ్ళు కొల్లేరు చెరువుల మీద చేపపిల్లల్ని లెక్కపెట్టిన మనిషి. అక్కడ లెక్క చేత్తో మాత్రమే అయ్యేది కాదు. నోటితో పాడాలి. గట్టు మీద అమ్మేవాడు వినాలి, నీళ్ళలో కొనేవాడు వినాలి. ఒకటిని ఒకటి అనకూడదు, లాభం అనాలి. నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. ఆ తరవాత సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేశారు. ఏలూరు వచ్చి గంగరాజుగారి ఐసు ఫ్యాక్టరీలో కుదిరాడు. లారీకి ఎక్కే చేపల పెట్టెల్ని ఒక్కొక్కటే తడిమి లెక్క చెబుతాడు. చూపు పోయినా పాట పోలేదు. చెయ్యి కదిలితే నోరు కదలాల్సిందే.

గంగరాజుగారు కూలి బ్యాంకులో వేయడం మొదలుపెట్టాక, గుమస్తా సాయంతో ఇంట్లో చెప్పకుండా కార్డు తీసుకున్నాడు. పోయిన వారం మొదటిసారి ఒంటరిగా బ్యాంకు డబ్బు మిషను ముందు నిలబడి, మీటలు నొక్కుతూ, నాలుగంకెలూ గొంతెత్తి పాడాడు. వెనక వరసలో చేపల మార్కెట్టు సగం ఉంది.

ఎవరూ దోచుకోలేదు. కాని పొద్దుగూకేలోగా ఊరంతా పాడింది. విషయం చెవిన పడి బ్యాంకువాళ్ళు ఆ నంబరు ఆపేశారు.

"చెప్పకుండా ఎందుకు తీసుకున్నావు? అది చెప్పు ముందు."

"చెబితే వద్దంటావని."

"అననా మరి? నీకేం తక్కువ చేశాను నేను? పొద్దున్నే చొక్కా జేబులో డబ్బు పెట్టి పంపిస్తున్నాను. ఒక్కనాడు అడిగించుకున్నానా?"

అది నిజమే. వందైతే సగానికి మడుస్తుంది. యాభై అయితే నాలుగు మడతలు. పది నోటును చుట్టచుడుతుంది. వేలికి తగలగానే ఏ నోటో అతనికి తెలిసిపోతుంది. అయిదేళ్ళుగా ఒక్కరోజు మరిచిపోలేదు, ఒక్క మడత తప్పలేదు.

"అడిగించుకోలేదు. అదేనే నా బాధ."

గిన్నెల చప్పుడు ఆగింది.

"అంటే?"

"నా జేబులో ఎంతుండాలో అయిదేళ్ళ నుంచీ నువ్వే అనుకుంటున్నావు. మొన్నొకరోజు పునుగులు తినాలనిపించింది. వేడివేడిగా వేస్తున్నాడు, వాసన. జేబు తడిమితే టీకే ఉంది. నీకు చెబితే మర్నాడు పెడతావు, కాదనను. పునుగులు తినబుద్ధేసిందని పెళ్ళానికి దరఖాస్తు పెట్టుకోవాలా?"

"నూనె సరుకు తినొద్దని డాక్టరు చెప్పాడు."

"చూశావా?"

నూకాలమ్మ చూసింది. చూసి, గిన్నె బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ప్రేమగా చేసిన పని తప్పని ఎదుటివాడు చెబితే ఏ మనిషికైనా కోపం వస్తుంది. ఆమెకు కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. అదేమిటో ఆమెకే తెలియలేదు.

"నాకు నమ్మకం లేక కాదే," అన్నాడతను నెమ్మదిగా. "నిన్ను కాక ఎవర్ని నమ్ముతాను?"

"చాల్లే. ఆ మాటలు మంగతాయారుకి చెప్పు. రాగం కట్టి పాడుద్ది."

బయట గేటు చప్పుడైంది. తాడేపల్లిగూడెం నుంచి కూతురు బేబీరాణి దిగింది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"నాన్నా, ఏంటిది? మా అత్తగారికి కూడా తెలిసిపోయింది నీ నంబరు. ప్యాసింజర్లో ఎవరో చెప్పుకుంటున్నారంట."

"నన్ను తిట్టడానికి గూడెం నుంచి టిక్కెట్టు కొనుక్కుని వచ్చావా అమ్మా?"

"తిరుగు టిక్కెట్టు కూడా కొన్నాను. తొందరగా తేల్చేద్దాం. అకౌంటు అమ్మతో కలిపి జాయింటు చేసేస్తారంట. కార్డు అమ్మ పేరున ఇస్తారంట. సంతకాలు పెట్టేస్తే అయిపోతుంది. నీకేం కావాలన్నా అమ్మ తెచ్చి పెడుతుంది కదా?"

"పెడుతుంది."

"మరింకేం?"

నూకాలమ్మ గిన్నెలు సర్దడానికి లోపలికి పోయింది. పావుగంట కిందట అయితే కూతురి మాటకే సరేననేది.

బయల్దేరేముందు నూకాలమ్మ అతనికి ఉతికిన చొక్కా తొడిగింది. గుండీలు పెట్టింది. కాలరు సర్దింది. అలవాటుగా చెయ్యి జేబు దాకా వచ్చింది. మడిచిన నోటు వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

ఆ వేళ్ళు గుండె మీద ఆగడం అతనికి తెలిసింది.

"పెట్టు. ఆటోకి కావాలిగా."

"ఆటోకి నేనిస్తాలే," అందామె నోటును బొడ్లో దోపుకుని.

అయిదేళ్ళలో మొదటిసారి అతను ఖాళీ జేబుతో గడప దాటాడు. ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియలేదు.

ఆటోలో ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు. పవర్‌పేట గేటు దగ్గర రైలు అడ్డం వచ్చి చాలాసేపు ఆగవలసి వచ్చింది. మెడలో నల్లపూసల పక్కన తాడుకు కట్టుకున్న చిన్న గుడ్డసంచీ తీసి, నూకాలమ్మ అతని చేతిలో పెట్టింది. అతను తడిమాడు. కార్డు.

"ఇన్నాళ్ళూ ఇక్కడుందా?"

"ఎక్కడుంటే నీకెందుకు?"

"బియ్యంలో వెతికించావు కదే!"

బేబీరాణి మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. రైలు పోయింది. ఇంత తగువు పడటానికి కూడా ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ తెలియదు.

బ్యాంకు మేనేజరు సత్యనారాయణమూర్తి మంచివాడని పేరు. అరవడు, విసుక్కోడు, అందరినీ అమ్మా అనీ బాబూ అనీ పిలుస్తాడు. అలాంటివాళ్ళతోనే కష్టం. వాళ్ళు చేసేది అవమానమని వాళ్ళకే తెలియదు.

"రండమ్మా, రండి. ఈయన్ని ఎక్కడ కూర్చోబెడదాం? ఆ మూల బెంచీ మీద కూర్చోబెట్టండి, ఎవరికీ తగలకుండా ఉంటుంది."

"మూలెందుకండీ? కుర్చీ లేదా?" అన్నాడు పెద్దింటయ్య.

"ఉందమ్మా, కూర్చోబెట్టండి," అన్నాడు మేనేజరు నూకాలమ్మతో.

ఫ్యాను తిరుగుతోంది. టేబులు మీద కాగితాలు ఎగరకుండా పేపరువెయిట్లు పెట్టారు. వాటి పక్కన అంటించిన కవరొకటి ఉంది. కొత్త నంబరు అందులో ఉందట.

"పోయిన ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చిందమ్మా, చూపు లేనివాళ్ళకు కూడా కార్డు ఇవ్వాలని. ఇచ్చాం. ఏమైందో చూశారుగా? రేపు డబ్బు పోతే ఎవరిది బాధ్యత? అందుకని మీ మంచికే చెబుతున్నాను. ఈ కార్డు వెనక్కిచ్చేసి, మీ పేరున ఒకటి తీసుకోండి. ఇక్కడ మీ వేలిముద్ర, అక్కడ ఆయన సంతకం. ఆయనకు అర్థమయ్యేలా మీరే చెప్పండి."

"ఆయనకు వినపడుద్దండీ," అంది నూకాలమ్మ.

"అదేనమ్మా, మీరు చెబితే బాగుంటుందని."

"మాట్లాడే మిషన్లు వస్తాయంటున్నారు కదండీ?" అన్నాడు పెద్దింటయ్య. "ఏ మీట నొక్కాలో అదే చెబుతుందంట. చెవిలో మనకొక్కడికే వినపడేలాగ."

"పెట్టాలని కాగితం వచ్చిందమ్మా," అన్నాడు మేనేజరు, మళ్ళీ నూకాలమ్మతోనే. "కాగితం వచ్చింది. మిషను ఇంకా రాలేదు."

బేబీరాణి ఇంకుప్యాడు తల్లి ముందుకు జరిపింది. "పెట్టమ్మా. పెట్టేస్తే పనైపోతుంది."

నూకాలమ్మ బొటనవేలు ఇంకులో అద్దింది. ఆ వేలు అలాగే పైకి పట్టుకుని మేనేజరు వంక చూసింది.

"నాకో అనుమానమండీ. నాకు చదువు రాదు. ఆ మిషను ముందు నిలబడితే నాకేం తెలుస్తుంది?"

"దానికేముందమ్మా? మీకు కళ్ళున్నాయి. పక్కన ఎవర్నయినా అడిగితే చెబుతారు."

"నంబరు కూడా వాళ్ళకి చెప్పి నొక్కించుకోవాలాండీ?"

మేనేజరు ఇబ్బందిగా కదిలాడు. "అందరూ అలాగే చేస్తున్నారమ్మా. నమ్మకస్తులకి చెప్పుకోవాలి."

"అంటే నేను ముక్కూ మొహం తెలీనోళ్ళకి చెప్పొచ్చు. మా ఆయన గట్టిగా అనుకుంటే తప్పు."

"అది కాదమ్మా..."

"ఇందాకట్నుంచీ చూస్తున్నానండీ. మీరు ఒక్క మాట కూడా ఆయనతో అనలేదు. కూలి ఆయనది, అకౌంటు ఆయనది, సంతకం ఆయనది. తప్పు కూడా ఆయనదే. తిట్టాలన్నా ఆయన్నే తిట్టాలి కదా? నేను వారం నుంచీ ఆయన్నే తిడుతున్నాను. ఒక్కనాడు పక్కింటోళ్ళతో చెప్పి తిట్టించలేదు."

నూకాలమ్మ ఇంకంటిన వేలును తన చీర కుచ్చెళ్ళకే తుడుచుకుంది. పండగ చీర అది. బేబీరాణి "అమ్మా!" అని ఆగిపోయింది.

"నేను వెయ్యనండీ. మా ఆయనతో మాట్లాడండి," అంది నూకాలమ్మ. అని కుర్చీ వెనక్కి జరుపుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందని పెద్దింటయ్యకు తెలుసు. ఆమె వైపు చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి మీద ఒక్కటి వేసింది. తరవాత దాన్ని వదల్లేదు.

సత్యనారాయణమూర్తి కళ్ళజోడు తీసి తుడిచాడు. మొదటిసారి పెద్దింటయ్య వైపు తిరిగాడు.

"ఏమంటారండీ?"

"కార్డు నాకే ఉండాలండీ."

"అయితే ఒకటి చేద్దాం. కొత్త నంబరు ఇస్తాను. ఇప్పుడే, నా ఎదురుగా మిషను దగ్గరకు వెళ్ళండి. ఎవరూ మీ వెంట రాకూడదు, ఎవరూ చెప్పకూడదు. మీరు నోరు తెరిచి నంబరు అనకూడదు. డబ్బు తీసుకుని వస్తే ఇక నేను అడ్డం రాను. రాకపోతే కార్డు ఇచ్చేయాలి. మూడుసార్లు తప్పు నొక్కితే మీరు ఇవ్వనక్కర్లేదు, మిషనే మింగేస్తుంది. సరేనా?"

"సరేనండీ."

"నాన్నా, వద్దు," అంది బేబీరాణి.

"కవరు చించి నా చెవిలో చెప్పు. మీ అమ్మకి వినపడకూడదు."

"నాకేం అక్కర్లేదు నీ నంబరు!" అంది నూకాలమ్మ. చెయ్యి మాత్రం ఇంకా పట్టుకునే ఉంది.

మిషను ఉన్న అద్దాల గది బ్యాంకు పక్కనే రోడ్డు వైపుకు ఉంది. కాపలా మనిషి మత్తయి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. పెద్దింటయ్యకు మీటలు నేర్పినవాడు అతనే. జనం లేని ఆదివారం మధ్యాహ్నాలు, చర్చి నుంచి నేరుగా వచ్చి, చెయ్యి పట్టి నేర్పాడు. అయిదు అంకె మీద చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మిగతావి చుట్టూ ఉంటాయి. తెర మీద ఏముందో కనబడదు కాబట్టి, దేని తరవాత ఏది నొక్కాలో మొత్తం వరస కంఠతా పట్టించాడు.

అప్పటికే ముగ్గురు నలుగురు వరసలో ఉన్నారు. పెద్దింటయ్యను చూడగానే అందరూ పక్కకు తప్పుకున్నారు.

"రండి రండి, ముందు మీరు కానివ్వండి."

"తలుపు నేను తీస్తానండీ."

"కార్డు ఇలా ఇవ్వండి బాబాయిగారూ, నేను పెడతాను."

అంతా మర్యాదస్తులే. ఆ మర్యాద కిందే మనిషి నలిగిపోతాడు. నూకాలమ్మ రెండు చేతులూ చాపి వాళ్ళకు అడ్డం నిలబడింది.

"ఎవరూ లోపలికెళ్ళొద్దండీ. మీకు దణ్ణం పెడతాను. ఆయనకి సాయం చెయ్యకండి."

జనం ఆమెను రాక్షసిని చూసినట్టు చూశారు.

పెద్దింటయ్య తలుపు పట్టుకుని ఆగాడు. "నూకాలూ, నోరు ఆగుతుందంటావా?"

ఆమె ఆలోచించింది. బొడ్లో దోపుకున్న ఆకువక్కల సంచీ విప్పి, తమలపాకులు రెండు తీసి, సున్నం రాసి, వక్క వేసి, పెద్ద చిలక చుట్టింది. అతని గడ్డం పట్టుకుని నోట్లో కుక్కింది. రెండు బుగ్గలూ నిండాయి.

"నములు. అయ్యేదాకా నోరు తెరిచావంటే ఇంటికి రాకు."

తలుపు మూసుకుంది. నూకాలమ్మ అద్దానికి వీపు ఆనించి నిలబడింది.

"అటు తిరిగి చూడమ్మా, ఏం చేస్తున్నాడో," అంది బేబీరాణి.

"నేను చూడను. నువ్వూ చూడకు."

కార్డు లోపలికి పోయిన చప్పుడు. తరవాత ఏమీ లేదు. పాట లేదు. మేనేజరు మెడ సాచి విన్నాడు. నిజంగానే పాట లేదు. నూకాలమ్మ కళ్ళు మూసుకుని కొల్లేటి పెద్దింట్లమ్మకు మొక్కుకుంది.

మత్తయి ఉన్నట్టుండి తలమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యో దేవా!"

"ఏమైంది?"

"నిన్న మిషను వాళ్ళు వచ్చి మార్చారండీ. ఇప్పుడు కార్డు పెట్టగానే ముందు భాష అడుగుతుంది. తెలుగా, ఇంగ్లీషా అని. జనం కోసం తెలుగు పెట్టారు. అది నొక్కితేగాని నంబరు తీసుకోదండీ. నేనాయనకి చెప్పనేలేదు!"

"నోరు లేని మిషను భాష అడగడమేంటండీ?" అంది నూకాలమ్మ.



మత్తయి తలుపు వైపు కదిలాడు. మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇవాళ మీరు చెబుతారు. రేపు మళ్ళీ ఏదో మారుస్తారు. రేపు ఎవరు చెబుతారు?" ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో గెలుపు లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

నొక్కింది తప్పని లోపల మిషను కీచుమంది. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి.

"నూకాలూ!"

తమలపాకుల మధ్యనుంచి వచ్చినా ఆ పిలుపు ఆమెకు తెలుసు. చూపు పోయిన కొత్తలో, అర్థం కాని చోటల్లా నిలబడి అలాగే పిలిచేవాడు. పిలిచిన ప్రతిసారీ ఆమె పరుగెత్తింది.

ఆమె చెయ్యి తలుపు పిడి మీద పడింది. మేనేజరు చూస్తున్నాడు. వరసలో నిలబడ్డ మర్యాదస్తులు వెళ్ళమ్మా, వెళ్ళు అంటున్నారు.

నూకాలమ్మ పిడి గట్టిగా పట్టుకుంది. తియ్యడానికి కాదు, తెరుచుకోకుండా.

"నేనిక్కడ లేను మావా!" అని అరిచింది. "ఇంటికెళ్ళిపోయాను!"

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆమె కంటినీరు ఆగకుండా కారుతోంది.

"అలాగా," అన్నాడు పెద్దింటయ్య, నములుతూ. "అయితే పొయ్యి మీద ఎసరు పడెయ్యి. నేను వచ్చేసరికి లేటవుద్ది."

ఒక మీట నొక్కిన చప్పుడు వినిపించింది. అద్దానికి ఇవతల కళ్ళున్నవాళ్ళు అంతమంది నిలబడ్డారు. అది ఏ మీటో ఒక్కరికీ తెలియలేదు.